బొట్టు పెట్టిన అమెరికా పటాలు

మా అత్తవారిది పటాల కొట్టు. శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద, ముందు కొట్టు, వెనక ఇల్లు. సూర్యనారాయణ స్వామిని చూసి వచ్చేవాళ్ళు స్వామి పటం ఒకటి చంకన పెట్టుకుని గానీ ఊరికి వెళ్ళేవారు కాదు. ఆదివారం వస్తే మా కొట్టు ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. లోపల ఇంట్లో గోడన్నది కంటికి కనిపించేది కాదు. లక్ష్మి, సరస్వతి, పట్టాభిషేకం, పోయిన తాతలు, వాళ్ళ తాతలు, స్వాతంత్ర్యం తెచ్చిన నాయకులు. ఎవరో కట్టమని ఇచ్చి తీసుకెళ్ళడం మరిచిపోయిన ఒక పోలీసు ఇనస్పెక్టరు కూడా మా హాల్లో ఏళ్ళ తరబడి వేలాడుతూ, నేను అన్నం తింటున్నంతసేపూ నన్నే చూస్తూ ఉండేవాడు.

అంతమంది ఉన్న ఆ ఇంట్లో మా పెళ్ళి ఫోటో మాత్రం లేదు.

అరవైల చివరి మాట ఇది. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది దాటింది. మాది చీపురుపల్లి. నాన్నకి అక్కడ చిన్న కిరాణా కొట్టుండేది. పెళ్ళిలో ఫోటో తీశారు, తీయలేదని కాదు. నేను నల్లగా ఉంటాను. మా అమ్మ చామనఛాయ అనేది. అమ్మలకి అలా అనే హక్కుంది. ఫోటోలో ఆ చామనఛాయ కూడా మిగల్లేదు. మా ఆయన పచ్చటి మనిషి. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది, నాది కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ తెలియడం లేదు. ఫోటో చేతికొచ్చిన రోజున మా అత్తగారు దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూసి, "లైటు సరిగ్గా పడనేదు" అని, పట్టుచీరల కింద ట్రంకు పెట్టెలో దాచేసింది. తరవాత కట్టిద్దాంలే అంది. ఆ తరవాత అన్నది రాలేదు.

ఊళ్ళో పెళ్ళయిన ప్రతి జంటా మా కొట్టుకి వచ్చి పటంలోకి ఎక్కి వెళ్ళేది. వాళ్ళందరి ఫోటోల చుట్టూ తళుకులు అంటించేది నేను. కొత్త పెళ్ళికూతురు ఎవరైనా "మీ పెళ్ళి ఫోటో ఏదండీ?" అని హాల్లోకి తొంగి చూస్తే, నాకు చేతిలో పని హఠాత్తుగా ఎక్కువైపోయేది. అత్తగారిని అడగొచ్చు. అడిగితే కాదంటుందని కాదు నా భయం. ఎందుకు కట్టలేదో పైకి అనేస్తుందని. అనకుండా ఉన్నంత కాలం అది నాకూ ఆవిడకీ మధ్య ఒక మర్యాదలా ఉండేది. నేనా మర్యాదని కాపాడుకుంటూ వచ్చాను.

తళుకుల పని గురించి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో దేవుడి పటం అచ్చయి వచ్చినది వచ్చినట్టు కడితే జనం కంటికి ఆనేది కాదు. అమ్మవారి చీర అంచుకి జరీ, కిరీటానికి చెమ్కీలు, మెడలో పూసలు, దీవిస్తూ చెయ్యెత్తిన చోట అభ్రకం పొడి చల్లి మెరుపు, ఇవన్నీ చేసి, అద్దం వేసి, బిగిస్తే అప్పుడు పటం అనిపించుకునేది. మునుపు ఈ పని మా అత్తగారు చేసేది. కళ్ళు ఆనక నాకు అప్పగించింది. మధ్యాహ్నం వంటిల్లు కడిగేశాక, నడవాలో చాప వేసుకుని, తుమ్మ జిగురు గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంటే, సాయంత్రం కాఫీల వేళ దాకా నన్ను ఎవరూ పిలిచేవారు కాదు. ఆ ఇంట్లో నేను నేనుగా ఉన్న గంటలు అవే. నా చేతి పని బాగుంటుందని నాకు తెలుసు. ఆ సంగతిలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

మా కొట్టుకి ఒక అమెరికా అబ్బాయి వస్తూండేవాడు. కోళ్ళ పెంపకం నేర్పడానికి వాళ్ళ దేశం పంపిందట. ఊరంతా కోళ్ళ దొర అనేవారు. పాతికేళ్ళు కూడా ఉండవేమో. తెలుగు నేర్చుకున్నాడు గానీ, అది ఏ పుస్తకంలోంచి నేర్చుకున్నాడో, అందరినీ మీరు అనేవాడు. కోళ్ళను కూడా మీరు అంటాడని మా ఆడపడుచు ఎగతాళి చేసేది. మా ఇంట్లో గుడ్డు పేరు కూడా ఎత్తరు. అయినా కోళ్ళ గూళ్ళకి చెక్క బద్దలు కావాలని వచ్చి, మా మావగారి కబుర్లకి చిక్కుకున్నాడు. మావగారికి రాజకీయాలంటే ప్రాణం. ఎలక్షన్లు అయిపోయి చాన్నాళ్ళయినా ఆయనకి అవ్వలేదు. వినేవాడు దొరికాడు కదా అని బల్ల మీద కూర్చోబెట్టి ఎవరు ఎందుకు ఓడిపోయారో చెబుతూ ఉండేవారు. ఆ అబ్బాయి తల ఊపుతూ వినేవాడు.

అతను ఊరొదిలి వెళ్ళిపోయే రోజులు దగ్గర పడ్డాయి. ఒక రోజు పొడుగాటి అట్ట గొట్టం ఒకటి పట్టుకొచ్చాడు. వాళ్ళ అమ్మ పంపిందట. అందులోంచి పెద్ద పెద్ద రంగు బొమ్మలు తీశాడు. ఏదో కేలండరు కోసం వేసిన పాత బొమ్మల నకళ్ళు అన్నాడు. తనకి సాయం చేసినవాళ్ళకి తలా ఒకటి కట్టించి ఇచ్చి వెళ్తానన్నాడు. పశువుల డాక్టరుకి ఒకటి, స్కూలు హెడ్‌మాస్టరుకి ఒకటి, తను అద్దెకున్న ఇంటివారికి ఒకటి, ఇలా.

నేను తలుపు వెనకనుంచి వింటున్నాను. నూరేళ్ళ కిందట వాళ్ళ దేశంలో ఇలాంటి బొమ్మలు రాతి మీద గీసి, కాగితం మీద అచ్చొత్తి, తోపుడు బళ్ళ మీద వీధుల్లో అమ్మేవారట. రైతు ఇంట్లో, మంగలి కొట్లో, హోటల్లో, ఎక్కడ చూసినా ఇవేనట. "మీరు ఇక్కడ దేవుడు పెడతారు కదా గోడకి, అలాగ అక్కడ ఇవి పెట్టారు," అన్నాడు. అచ్చు నల్లగానే పడేదట. రంగులు వేసేది ఆడవాళ్ళట. పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని, ఒకామె నీలం ఒక్కటే వేసి పక్కామెకి తోసేది, ఆవిడ ఎరుపు ఒక్కటే వేసి పక్కకి తోసేది. ఆ మాట వినగానే నాకు ఏదో బంధువుల ఊసు విన్నట్టు అనిపించింది. అయితే అక్కడా నాలాంటివాళ్ళు ఉన్నారన్నమాట అనుకున్నాను.

అతను వెళ్ళాక బొమ్మలన్నీ నడవాలో పరిచారు. ఇంటిల్లపాదీ చుట్టూ కూర్చున్నాం. ఒకదాంట్లో నేలంతా తెల్లగా మంచు, దాని మీద చక్రాల్లేని బండి, బండికి గుర్రాలు. ఇంకోదాంట్లో పొగలు కక్కుతూ నది మీద రెండు పెద్ద పడవలు పందెం వేసుకుంటున్నాయి. ఒక ఇల్లు తగలబడుతూంటే టోపీలవాళ్ళు నీళ్ళు కొడుతున్నారు. ఒక తండ్రి సాయంత్రం ఇంటికొస్తే పిల్లలు ఎదురు పరిగెడుతున్నారు, గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఒకటి రాజకీయాల బొమ్మ. పెద్ద తలకాయలు, చిన్న ఒళ్ళు ఉన్న కోటు మనుషులు కుర్చీ కోసం తోసుకుంటున్నారు. వాళ్ళ నోట్లోంచి మాటలు బుడగల్లో బయటికొస్తున్నాయి. మావగారు దాన్ని వదల్లేదు. "ఈ బొర్రోడు సూడు, అచ్చం మన వోడే. ఈ సన్నటోడు కుర్సీ కాలు లాగెత్తన్నాడు. ఎక్కడైనా ఇదేనర్రా!" అని పగలబడి నవ్వారు.

ఆ నవ్వులోనే ఆయనకి ఉత్సాహం వచ్చేసింది. "దొర పటాలు ఒట్టిగా బోసిగా కట్టి ఇచ్చీసేమంటే మన కొట్టు పరువేటి? అమ్మీ, నీ పనితనమంతా ఇక్కడ సూపించాల. దొర మెచ్చుకున్నాడంటే నీకేది కావాలో అడుగు. ఏ పటం కావాలంటే ఆ పటం, ఏ ఫ్రేము కావాలంటే ఆ ఫ్రేము, నానే కట్టి గోడకి ఎట్టి ఇస్తాను," అన్నారు నాతో.

ఏది అడగాలో నాకు ఆ క్షణంలోనే తెలుసు. మామూలుగా అడగలేని మాట, ఇలా బహుమానంగా అడిగితే ఎవరూ కారణం చెప్పనక్కరలేదు. పెట్టెలోంచి తీస్తారు, కడతారు, అంతే.

ఆ అబ్బాయి తళుకులు అంటించమనలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచినా లెక్కచేసేవారు కాదు. అన్నం పెట్టమంటే కూర వెయ్యమని వేరే చెప్పాలా అన్నట్టుండేది మా వాళ్ళ తీరు. దానికి తోడు ఇంకో చిక్కొచ్చింది. ఆ బొమ్మల్లో ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరికీ బొట్టు లేదు. మా అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో బొమ్మా చూసి పెదవి విరిచింది. "ఇదేటే, పచ్చగా పిల్లా పాపా ఉన్న ఇల్లు, తల్లికి బొట్టు నేకపోతే ఎలాగ? ఇలాటి పటం ఒకరింటికి ఇస్తామేటి? ఆల్లింట్లో ఏదైనా అయితే మన పేరే సెప్పుకుంటారు," అంది. బొట్టు లేని ముత్తైదువ పటం మా కొట్లోంచి బయటికి వెళ్ళకూడదు. అది మా ఇంటి నియమం.

అంచేత అందరికీ బొట్లు పెట్టాను. కుంకుమ జిగురులో కలిపి, అగ్గిపుల్ల కొసతో, మంచు బండిలో కూర్చున్న ఆవిడకి, పడవ మీద గొడుగు పట్టుకున్న ఆవిడకి, తగలబడుతున్న ఇంట్లోంచి చేతులెత్తి అరుస్తున్న ఆవిడకి కూడా. మంచు మీద అభ్రకం పొడి చల్లాను. గుర్రాలకి గజ్జెలు కట్టాను. గౌన్ల అంచులకి జరీ వేశాను. రాజకీయాల బొమ్మలో కుర్చీకి బంగారు రంగు చెమ్కీలు అంటించి సింహాసనం చేశాను. మావగారు వచ్చి చూసి, "అద్దీ!" అని వెళ్ళిపోయేవారు.

ఆఖరికి మిగిలినది పత్తి చేను బొమ్మ. ముందు ఒక దొరా, దొరసానీ నిలబడి ఉన్నారు. వెనక చేను నిండా తెల్లటి పత్తి. అందులో నల్లటి మనుషులు, ఆడా మగా, బుట్టలు పట్టుకుని పత్తి ఏరుతున్నారు. నాకు వాళ్ళు ఎవరో తెలీదు. కూలీలు అనుకున్నాను. మా ఊరి వైపు గోగునార పీకే చోట చూసినవాళ్ళలా ఉన్నారు. ఒక మూల ఒకామె నెత్తిన బుట్ట పెట్టుకుని, ఇటు తిరిగి చూస్తోంది. తలకి గుడ్డ కట్టుకుంది. మనిషి నిటారుగా ఉంది. నా కంటే నలుపు. కానీ ఆ బొమ్మ గీసినవాడు ఎవడో ఆ ముఖాన్ని శ్రద్ధగా గీశాడు.

దొరసానికి ముందు చెయ్యాలి కనక చేశాను. జరీ, పూసలు, బొట్టు. తరవాత ఆ మూలనున్న ఆవిడ దగ్గరికి వచ్చాను. బొట్టు పెట్టి ఊరుకుందామనుకున్నాను. పెట్టాక బాగుంది. నలుపు మీద ఎరుపు ఎంత బాగుంటుందో నాకు అప్పటిదాకా తెలీదు. నా ముఖానికి నేను అద్దంలో ఎన్నిసార్లు పెట్టుకోలేదు? ఎప్పుడూ అలా చూసుకోలేదు. చిన్న పూస ఒకటి ముక్కుకి అంటించాను. నడుముకి వడ్డాణం చుట్టాను. కాళ్ళకి పట్టీలు, మెడలో రెండు పేటల గొలుసు. తలగుడ్డ చుట్టూ పూలచెండులా చెమ్కీలు. ఆ మధ్యాహ్నమంతా ఆవిడతోనే గడిచిపోయింది. నేను కూనిరాగం తీస్తున్నానని అత్తగారు అంటేగాని నాకు తెలియలేదు. మూలనున్న చిన్న బొమ్మ, ఎవరు చూస్తారులే అనుకున్నాను.

అద్దాలు బిగించక ముందు ఒకసారి చూపించాలని మావగారు ఆ అబ్బాయిని పిలిపించారు. హాల్లో బల్లల మీద పటాలు వరసగా పేర్చారు. మా ఆయన, ఆడపడుచు, అత్తగారు, పక్క కొట్టు బట్టల షావుకారు, అందరూ పోగయ్యారు. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆ అబ్బాయి లోపలికి వచ్చి మొదటి బొమ్మ దగ్గర ఆగిపోయాడు. మంచు బండిలోని ఆవిడ బొట్టు వైపు వంగి చూశాడు. రెండో బొమ్మ చూశాడు. మూడోది, ఇల్లు తగలబడేది, చూసేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకప్పు వైపు చూశాడు. భుజాలు ఊగుతున్నాయి. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. తేరుకుని, "చాలా, చాలా బాగున్నాయండి," అన్నాడు. మావగారు పొంగిపోయారు. పక్క కొట్టు షావుకారు వైపు చూశావా అన్నట్టు చూశారు. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. నవ్వు ఆపుకోవడానికి మనిషి ఎక్కడ చూస్తాడో నాకు బాగా తెలుసు. నా పెళ్ళిలో చాలామంది అలా చూశారు. అడగని పని ఏదో చేశామని, అది మాకు తెలీని చోట నవ్వులాటగా ఉందని ఆ నిమిషంలో నాకు అర్థమైంది. ఆ పటాలన్నీ అందుకుని జిగురు గిన్నెతో సహా నూతిలో పారేయాలనిపించింది.

అప్పుడు మా ఆడపడుచు పత్తి చేను బొమ్మ దగ్గరికి వెళ్ళింది. దానికి పదహారేళ్ళు. చెడ్డ పిల్ల కాదు, నోటికి తాళం లేదు. వంగి చూసి ఒక్క కేక పెట్టింది.

"అన్నియ్యా, ఇటు సూడు! ఒదిన తన బొమ్మకి తనే నగలెట్టుకున్నాది! దొరసాని కంటే ఎక్కువెట్టుకున్నాది!"

అందరూ వంగారు. షావుకారు నవ్వాడు, అత్తగారు నవ్వింది, మావగారు "అద్దీ!" అంటూ నవ్వారు. మా ఆయన నా వైపు చూశారు. ఆయన కూడా నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, పెదవి చివర. ఇంతమందిలో నాకు గుచ్చుకున్నది అదొక్కటే. నా గురించి నేను లోపల ఏమనుకుంటున్నానో, ఏమనుకోవాలని ఆశపడుతున్నానో, అది హాలు మధ్యలో బల్ల మీద పెట్టి అందరికీ చూపించినట్టయింది. నల్లగా ఉన్నందుకు సిగ్గుపడటం నాకు అలవాటే. అందంగా ఉన్నానని అనుకుంటూ పట్టుబడటం అంతకంటే పెద్ద సిగ్గు. బట్టల్లేకుండా పట్టుబడినా అంత కుంచించుకుపోయేదాన్ని కాదు.

నవ్వనిది ఆ అబ్బాయి ఒక్కడే. అతని ముఖం, మెడ, చెవులు ఎర్రగా కందిపోయాయి. పత్తి ఏరేవాళ్ళ మీద వేలు పెట్టాడు.

"వీళ్ళు కూలీలు కాదండి. బానిసలు. వీళ్ళని కొన్నారు, అమ్మారు, మా వాళ్ళు. తల్లిని ఒకరికి, పిల్లల్ని ఒకరికి. బొమ్మలో సంతోషంగా ఉన్నారు. అది అబద్ధం అండి." ఆగి, "ఈ బొమ్మ నేను ఎవరికీ ఇవ్వను. మా అమ్మకి తీసుకు వెళ్తాను," అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అతను గడప దాటగానే మావగారి ముఖం మాడిపోయింది. "సూసేరా, దొరకి ఎంత కోపం వొచ్చీసినాదో! మొకం మిరపకాయలాగ అయిపోనాది," అన్నారు.

"రాదేటి మరి," అంది అత్తగారు. "డబ్బెట్టి కొనుక్కున్న మనిసికి వడ్డాణమేటి, ముక్కుపుడకేటి? ఆల్ల దొరసానికైనా నేని నగలు దీనికేటి?"

"అదీ ఆల్లమ్మకట తీసికెల్తాడు. ఆవిడ సూసి ఏటనుకుంటాది? మనకి ఎక్కువా తక్కువా తెల్దనుకోదూ?" మావగారు నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు, కంగారే. "అమ్మీ, ఆ నగలన్నీ ఒలిసీ. అద్దం బిగించక ముందే తీసీ."

అతని ముఖం ఎరుపెక్కింది కోపంతో కాదని నాకు తెలుసు. సిగ్గుతో. ఆ రంగుని నేను చూసి పోల్చుకోలేనా? కానీ ఆ మాట ఎలా చెప్పను? బొమ్మలోని ఆవిడ తరఫున ఒక్క ముక్క మాట్లాడినా, నా బొమ్మ అని నేను ఒప్పుకున్నట్టే. నోరు మూసుకుని చాప వేసుకున్నాను.

తడిగుడ్డ ఒత్తి పెడితే వడ్డాణం ఊడొచ్చింది. పట్టీలు వచ్చాయి. గొలుసు వచ్చింది. అత్తగారూ ఆడపడుచూ ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ముక్కు మీది పూస మాత్రం రాలేదు. దానికి జిగురు ఎక్కువ పెట్టాను, రాలిపోకూడదని. బ్లేడు మొనతో మెల్లిగా లేపాను. పూసతో పాటు తడిసిన కాగితం పొర కూడా లేచింది. ముక్కు, రెండు బుగ్గలు, నోరు, నుదుటి మీది బొట్టు, అన్నీ ఒక్క పొరగా నా వేలికి అంటుకుని వచ్చేశాయి. తలగుడ్డకీ మెడకీ మధ్య తెల్లటి కాగితం మిగిలింది.

తరవాత మా ఆడపడుచు, నన్ను ఓదార్చడానికే అంది.

"పోనీలే ఒదినా. తెల్లగైపోనాది కదా!"

అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. వేలికంటుకున్న ఆ పొరని ఏం చెయ్యాలో తెలియలేదు. పారేయడానికి చేతులు రాలేదు, ఉంచుకుంటే ఇంకా నవ్వుతారు. చివరికి గుడ్డ తడిపిన నీళ్ళలో కడిగేశాను. మావగారు వచ్చి, "ఏటి సేస్తాం ఇప్పుడు," అని, ఆ తెలుపు మీద ఒక చెమ్కీ పువ్వు అంటించి, అద్దం వేసి బిగించేశారు. పేపర్లో చుట్టి సుతిలి తాడుతో కట్టేశారు. ఆ అబ్బాయి వచ్చి విప్పకుండానే తీసుకెళ్ళాడు. ముఖం ఉండవలసిన చోట పువ్వు ఉన్న ఆడమనిషిని చూసి వాళ్ళమ్మ ఏమనుకుందో, ఆ పని చేసిన చేతుల గురించి ఏమనుకుందో నాకు తెలీదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మిగతా పటాలు ఊళ్ళో బాగా పేరు తెచ్చుకున్నాయి. పశువుల డాక్టరుగారింట్లో మంచు బండి పటానికి పేరంటాలకి వచ్చినవాళ్ళు దండం పెట్టుకునేవారని విన్నాం. మావగారు మాట మరిచిపోయే మనిషి కాదు. ఒక సాయంత్రం కాఫీ గ్లాసు అందుకుంటూ అడిగారు.

"ఏటమ్మీ, ఏ పటం కట్టమంటావో సెప్పనేదు?"

ఇన్నాళ్ళు లోపల కూడబెట్టుకున్న మాట అప్పుడు నోటికి రాలేదు. ఆ హాల్లో నా ముఖం పెట్టమని అడిగే ధైర్యం ఆ పత్తి చేను బొమ్మతోనే పోయింది. "ఏమీ వద్దు మావయ్యా," అన్నాను. అప్పుడు, ఎవరూ అనుకోకుండా, మా అత్తగారు అంది.

"దాని పెళ్ళి ఫోటో కట్టండి. ఎన్నాల్లని పెట్లో ఎడతాం?"

నేను ఆవిడ కాళ్ళు పట్టుకునేదాన్నే. ఆవిడకి తెలుసన్నమాట, ఇన్నాళ్ళూ తెలుసు. ఆవిడ మీద ఎప్పుడూ కలగనంత ప్రేమ కలిగింది. ఆవిడే లోపలికి వెళ్ళి, చీరల అడుగునుంచి ఫోటో తీసుకొచ్చి మా ఆయన చేతికిచ్చింది. "ఇలాగే కట్టీకు. ముందు స్టూడియో కాడికి ఎల్లి టచింగు సేయించు. ఆడికి సెప్పు, పెల్లికూతురు మొకం బాగా తేటగా రావాలని," అంది. మంచి మనసుతోనే అంది. మా ఆయన సరేనని కవరులో పెట్టుకున్నారు. వద్దని నేను అనొచ్చు. అనలేదు. ఎందుకంటే నాకూ తేటగా ఉండాలనే ఉంది.

స్టూడియోవాడు పనిమంతుడు. నా ముఖం కడిగిన బియ్యంలా చేశాడు. చేతులూ తెల్లబరిచాడు. పనిలో పని ముక్కు కూడా కొంచెం సన్నం చేశాడు. మావగారు కొట్లో ఉన్నవాటిలో మంచి బద్ద తీసి కట్టారు. చుట్టూ అంచుకి చెమ్కీలు నేనే అంటించాను. హాల్లో నట్టనడిమి గోడకి మా ఆయన స్వయంగా మేకు కొట్టి తగిలించారు. వచ్చినవాళ్ళందరూ "జంట ఎంత బాగున్నాది!" అనేవారు. అంటూ నా వైపు చూసి, మళ్ళీ పటం వైపు చూసి, మాట మార్చేసేవారు. నేను తుడుపుగుడ్డ పట్టుకుని అన్ని పటాలూ తుడిచేదాన్ని. దాన్ని మాత్రం తలెత్తి చూడకుండా తుడిచేదాన్ని.

ఆ వేసవిలో మా అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. చీపురుపల్లిలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో, నాకోసం జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, చల్లటి మంచినీళ్ళు తాగి, గోడలు చూస్తూ హాలంతా తిరిగింది. దేవుళ్ళకి దండాలు పెట్టుకుంటూ వస్తోంది. నడిమి గోడ దగ్గరకి వచ్చి ఆగిపోయింది.

చాలాసేపు చూసింది. అల్లుడి ముఖం చూసింది. దగ్గరకి జరిగి అద్దం మీద వేలు పెట్టి, చీర అంచు వెంబడే పోనిచ్చింది. ఆ చీర విజయనగరంలో నాలుగు కొట్లు తిరిగి ఆవిడ కొన్నదే. వేలు అక్కడే ఉంచి, వంటింటి వైపు ఒకసారి చూసి, అత్తగారు రావడం లేదని చూసుకుని, నా దగ్గరకి వచ్చింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఒసే, నిజం సెప్పు. నీ పెల్లిసీర కట్టుకుని అల్లుడి పక్కన కూకున్నాది, ఈ పిల్లెవలే?"

నేను చెయ్యి విడిపించుకుని, తుడుపుగుడ్డ తీసుకుని, అద్దం మీద పడ్డ ఆవిడ వేలి మరక తుడిచాను.